మన వీడియోల వెనక మన తప్పెట మోగాలి: విశాఖ మ్యూజిక్ ప్రొడ్యూసర్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో ఇంట్లోనో, హాస్టల్ గదిలోనో, మేడమీద రేకుల షెడ్డులోనో లాప్‌టాప్ ముందేసుకుని మ్యూజిక్ చేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ,

నేను ద్వారకా నగర్‌లో వీడియో ఎడిటింగ్ చేసుకుని బతుకుతున్నవాణ్ణి. పెళ్లిళ్లు, టూరిజం వీడియోలు, షాపుల ప్రమోషన్లు, యూట్యూబ్ చానళ్ల వ్లాగులు, ఏదొస్తే అది చేస్తాను. వీటిలో బీజీఎం, అంటే వెనక మోగే సంగీతం, లేకుండా బయటికెళ్లే వీడియో ఒక్కటీ ఉండదు. మీతో నా పని అక్కడే. తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు కాబట్టి అడగాల్సింది ముందే అడిగేస్తాను. వీడియోలు చేసుకునే చిన్నవాళ్లకు ఉచితంగా ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఇచ్చే లేబుల్ (మ్యూజిక్ విడుదల చేసే సంస్థ) ఒకటి మీరంతా కలిసి ఈ ఊళ్లో పెట్టండి. అందులో మన ఉత్తరాంధ్ర జానపద వాయిద్యాలు, అంటే తప్పెటగుళ్లు, జముకు, అరకు గిరిజనుల థింసా ఆటలో మోగే తుడుము వినపడాలి. అవి వాయించినవాళ్లకు డబ్బూ పేరూ అందరికన్నా ముందు అందాలి. ఎందుకంటున్నానో, ఎలా కుదురుతుందో నాకు తెలిసినంతలో చెప్తాను.

మనందరం ఉప్పు తిన్న ఇంటి సంగతితో మొదలుపెడతాను. 2011లో బ్రిటన్‌లో బిల్లీ వుడ్‌ఫర్డ్ అనే ఆయన నోకాపీరైట్‌సౌండ్స్ అని ఒక లేబుల్ మొదలుపెట్టాడు. మనవాళ్లు ఎన్‌సీఎస్ అంటారు. గేమింగ్ వీడియోలు చేసే కుర్రాళ్లు ఏ పాట వేసినా క్లెయిములు (ఈ పాట మాది, వీడియో మీద డబ్బు మాకే రావాలి అనే దావాలు) పడి ఏడుస్తున్న రోజులవి. యూట్యూబ్ 2007లోనే కంటెంట్ ఐడీ తెచ్చింది. ఎవరి పాట ఎవరి వీడియోలో ఉందో మెషినే వెతికి పట్టుకుంటుంది. ఇక దాని కళ్లు కప్పడం ఎవరి తరం కాలేదు. అలాంటప్పుడు ఈ లేబుల్ వచ్చి, మా ట్రాకులు మీ యూట్యూబ్, ట్విచ్ వీడియోల్లో ఊరికే వాడుకోండి, ట్రాక్ పేరు, ఆర్టిస్టు పేరు, లింకు కింద రాయండి, చాలు అంది. ఆ ట్రాకులన్నిటికీ కాపీరైట్ ఉంది. వాళ్లు వదులుకున్నది డబ్బు అడిగే హక్కును మాత్రమే, అదీ ఒక పరిధిలోనే. ఏ నగల షాపువాడో తన ప్రకటనకు ఆ ట్రాక్ కావాలంటే విడిగా లైసెన్స్ కొనుక్కోవాలి. సినిమాకైనా, టీవీకైనా అంతే. ఈ తేడా మన గాజువాక నుంచి మధురవాడ దాకా సగంమంది ఎడిటర్లకు తెలీదు. ఫ్రీ కదా అని అపార్ట్‌మెంట్ల బ్రోచర్ వీడియోకి కూడా అదే వేసి పంపుతుంటారు.

ఉచితంగా ఇచ్చి లేబుల్ ఎలా బతికింది? ఇది మీకు కావాల్సిన సంగతి కాబట్టి కాస్త ఆగి చెప్తాను. వేల వీడియోల కింద ట్రాక్ పేరూ లింకూ ఉంటాయి. చూసినవాళ్లలో కొందరు, ఈ బీట్ ఏదో బాగుందే అని లేబుల్ చానల్‌కి పోయి పూర్తిగా వింటారు. ఆ చానల్లో యాడ్స్ డబ్బు, స్పాటిఫై లాంటి చోట్ల వినేవాళ్ల వల్ల వచ్చే డబ్బు, వ్యాపార సంస్థలకు అమ్మే లైసెన్సుల డబ్బు, అన్నీ కలిపి లేబుల్‌కీ ఆర్టిస్టుకీ చేరతాయి. అంటే వీడియో చేసే ప్రతి కుర్రాడూ వాళ్లకు జీతం లేని ప్రచారకుడు. నార్వేలో బెర్గెన్‌ అనే సముద్రతీరపు ఊళ్లో పెరిగిన అలన్ వాకర్ అనే టీనేజ్ కుర్రాడు ఇంట్లో కూర్చుని చేసిన ‘ఫేడ్’ అనే ట్రాక్ 2014లో ఈ లేబుల్ మీదే వచ్చింది. గేమింగ్ వీడియోలు దాన్ని భుజాన మోశాయి. మరుసటి ఏడాది ఒక పెద్ద కంపెనీ అతన్ని పిలిచి, అదే ట్రాక్‌కి గొంతు కలిపించి ‘ఫేడెడ్’ అని విడుదల చేసింది. మిగతా కథ మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఫోన్లలో రింగ్‌టోన్‌గా విన్నాను కూడా.

మన దగ్గర పరిస్థితి ఎలా ఉందో చెప్తా. ఫిషింగ్ హార్బర్‌లో ఒక జాలరి కుర్రాడు తెల్లవారుజామున బోట్లు రావడం, చేపల వేలం పాట, ఐసు దింపడం ఫోన్లో తీసి చానల్లో పెడతాడు. మాట బాగుంటుంది, మనిషి కష్టజీవి. ఒకసారి వేలం జరుగుతుంటే వెనక టీ బడ్డీలో రేడియో మోగుతోంది. సినిమా పాట. అది ఈ కుర్రాడి మాటల వెనక సన్నగా పడింది. వీడియో పెట్టిన కాసేపటికే క్లెయిమ్. వీడియో మీద వచ్చే పైసలు ఒక పెద్ద కంపెనీకి మళ్లాయి. అతను కాళ్లు అరిగేలా తిరిగి తీసిన వీడియో, పాట వేసింది టీ బడ్డీవాడు, డబ్బు ఇంకొకరికి! డిస్ప్యూట్, అంటే ఆ క్లెయిమ్ తప్పని అభ్యంతరం, వేయొచ్చు. అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజుల గడువుంటుంది. అప్పటికి ఆ వీడియో ఎవరికి కావాలి? చేపలాగే వీడియో కూడా తాజాగా ఉన్నప్పుడే అమ్ముడవుతుంది. చివరికి నా దగ్గరకొస్తే, ఆ ముక్కలో సౌండ్ తీసేసి బీజీఎం వేసి ఇచ్చాను. వేలం పాట పోయింది. ఆ వీడియోకి ప్రాణమే అది.

క్లెయిమ్ పడితే డబ్బు పోతుంది, స్ట్రైకులు (కాపీరైట్ ఫిర్యాదు మీద వీడియో తీసేసి యూట్యూబ్ ఇచ్చే హెచ్చరికలు) పడితే చానలే పోతుంది. 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే యూట్యూబ్ చానల్ మూసేస్తుంది. ఈ భయం మీద మన ఊళ్లో ఎన్ని మూఢనమ్మకాలు పుట్టాయో! పది సెకన్లలోపు వాడితే ఫర్వాలేదట. పిచ్ కాస్త పెంచితే మెషిన్‌కి దొరకదట. కింద ‘హక్కులన్నీ అసలు యజమానివే’ అని రాస్తే సరిపోతుందట. ఒక్కటీ నిజం కాదు. పెళ్లి ఊరేగింపులో పాట మోగించుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. దాన్ని పట్టుకుని పెళ్లి వీడియోకి కూడా అది వర్తిస్తుందని వాదించే ఫొటోగ్రాఫర్లున్నారు. ఆ వెసులుబాటు పెళ్లి పందిరి దాటి యూట్యూబ్ దాకా రాదు బాబూ. ఇంకో మోసం ఉంది. పాత సినిమా పాటను నిదానం చేసి, గుహలో పాడినట్టు ఎకో పెట్టి, ‘నో కాపీరైట్ తెలుగు బీజీఎం’ అని ఎవడో పెడతాడు. ఆ పాట వాడిది కాదు, ఇచ్చే హక్కు వాడికి లేదు. తీసుకున్నవాడి మెడకు ఉరి.

అందుకే అందరం చల్లగా ఎన్‌సీఎస్ లాంటి లేబుళ్లకు, యూట్యూబ్ ఆడియో లైబ్రరీకి వచ్చి పడ్డాం. వాటిని నేను తక్కువ చేయను. అవి లేకపోతే నా దుకాణం ఎప్పుడో మూతబడేది. నిజం చెప్పాలంటే ఆ మ్యూజిక్ నాకిష్టం కూడా. 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) చేసిన హౌస్ ట్రాక్‌ ఒకటి తీసుకోండి. 16 బార్లు (నాలుగేసి బీట్ల గుత్తులు) సరిగ్గా 30 సెకన్లు. 15 సెకన్ల దగ్గర మెల్లగా పైకెక్కడం మొదలై 30 దగ్గర డ్రాప్, అంటే బీటంతా ఒక్కసారిగా విరుచుకుపడే చోటు, వస్తుంది. ఆ లెక్క ఎడిటర్‌కి వరం. కైలాసగిరి మీద రోప్‌వే మెల్లగా పైకెళ్లి, డ్రాప్ దగ్గర సముద్రమంతా ఒక్కసారి కనపడేలా కట్ చేస్తే చూసేవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

కానీ ఇప్పుడు విశాఖ వీడియోలు పది వరసగా చూడండి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, యారాడ కొండ మలుపు, రుషికొండ, భీమిలి దారి, ఎర్రమట్టి దిబ్బలు. వీటన్నిటి కిందా ఐరోపాలోని ఏదో ఫెస్టివల్ మైదానం మోగుతుంటుంది. కళ్లు మూసుకుంటే ఇది విశాఖా, గోవానా, దుబాయా అని చెప్పలేం. అరకు వీడియోల్లో అయితే ఇంకా ఘోరం. జిల్లాల విభజన తర్వాత, 2022 నుంచి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉందిగానీ, టూరిస్టు దిగేది మన స్టేషన్లోనే, వీడియో వచ్చేది మన టేబుల్ మీదకే. రిసార్టు ముందు గిరిజన ఆడవాళ్లు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు వేసుకుని వరసకట్టి థింసా ఆడుతుంటారు. పక్కన తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు మోగుతుంటాయి. క్లయింట్ వచ్చి, ‘అన్నా, ఆ లైవ్ సౌండ్ తీసేసి మంచి బీట్ వెయ్యి’ అంటాడు. కాళ్లు ఒక తాళానికి పడుతుంటాయి, కింద ఇంకో తాళం మోగుతుంటుంది. ఎంత సింక్ చేసినా కుదరదు. కుదిరినట్టు కనపడేలా స్లోమోషన్ చేయాలి. అందుకే అన్ని వీడియోల్లోనూ థింసా నీళ్లలో ఆడినట్టుంటుంది.

నేను ఆ క్లయింటుతో వాదించను. లైవ్ సౌండ్‌లో గాలి హోరు, కారు హారన్లు, పిల్లల ఏడుపు ఉంటాయి. దాన్ని పక్కనపెట్టి వేయడానికి అదే తుడుముతో, శుభ్రంగా రికార్డయి, డ్రాప్ ఉన్న ట్రాక్ నా దగ్గర లేదు. ఉంటే వేసేవాణ్ణి. మీరు చేయాల్సింది అదే.

మన ఉత్తరాంధ్ర శబ్దాలు ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌కి ఎంత దగ్గరివో మీరు గమనించారో లేదో. జముకుల కథ చూసినవాళ్లకు తెలుస్తుంది. జముకుకు ఒక పక్క తోలు బిగించి, తోలు మధ్యలోంచి తీగ లాగుతారు. ఒక చేత్తో ఆ తీగను బిగిస్తూ వదులుతూ, ఇంకో చేత్తో మీటుతారు. శబ్దం ‘బొంయ్’ మని కిందనుంచి పైకి జారుతుంది, మళ్లీ పైనుంచి కిందికి. డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో బేస్‌ను ఊగించడానికి మీరు సింథ్‌లో (ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే వాయిద్యం) గంటలకొద్దీ నాబ్‌లు తిప్పి తెచ్చే ఊపు అది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్లు అమ్మవారి కథ చెబుతూ దాన్ని వేలితో తెస్తున్నారు. తప్పెటగుళ్లు సంగతి సరేసరి. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట రొమ్ముకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ రెండు చేతుల్తో వాయిస్తారు. చేతివేళ్లు పడితే సన్నని చప్పుడు, అరచెయ్యి పడితే గట్టి దెబ్బ. కింద గజ్జెలు ఆగకుండా. డ్రమ్ సెట్‌లోని కిక్, స్నేర్, హై-హ్యాట్ మూడూ ఒకే మనిషి ఒంటి మీద ఉన్నాయి!

రికార్డింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. దీనిమీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, భరించండి. చాలామంది చేసే పని ఏమిటంటే, కళాకారుణ్ణి స్టూడియోకి పిలిచి, ఏసీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, తాళం క్లిక్ వినిపిస్తూ వాయించమంటారు. తప్పెట గంతులేస్తూ వాయించేది. కూర్చోబెడితే ఆ ఊపిరీ పోతుంది, గజ్జెలూ పోతాయి. డప్పుది ఇంకో బాధ. మంట దగ్గర కాచి తోలు బిగించి వాయించే వాద్యం అది. మన విశాఖ గాలిలోని తేమకు తోలు ఊరికే వదులైపోతుంది. రెండు మూడు టేకులకోసారి కాచుకోవాలి, స్టూడియోలో మంటెక్కడ పెడతారు? మీరే మైకులు పట్టుకుని ఆరుబయటికి పదండి. ఊరి బయట మామిడితోటో, బడి ఆవరణో దొరుకుతుంది. పైన ఒక జత మైకులు, నేల దగ్గర గజ్జెలకు ఒకటి పెట్టండి. దెబ్బ పడినప్పుడు లెవెల్ ఒక్కసారిగా లేస్తుంది, అందుకని గెయిన్ బాగా తగ్గించి 24 బిట్‌లో తీయండి. వీడియోకి 48 కిలోహెర్ట్జ్ మంచిది, మాకు మార్పిడి బాధ తప్పుతుంది.

ఇక తాళం. ఆట ఊపందుకున్నకొద్దీ వాయింపు వేగం పెరుగుతుంది. మొదటి నిమిషంలో ఉన్న టెంపో మూడో నిమిషంలో ఉండదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దెబ్బనూ పట్టుకుని గ్రిడ్ (సమాన దూరంలో ఉండే తాళం గీతలు) మీద మేకులు కొట్టినట్టు కూర్చోబెట్టాలని మీ చేతులు ఉవ్విళ్లూరతాయి. అంత పని చేయకండి. నాలుగైదు బార్లకో చోట మాత్రమే గ్రిడ్‌కి కలిపి, మధ్యలో దెబ్బల్ని వాటి మానాన వదిలేయండి. కాస్త ముందూవెనకగా పడే ఆ దెబ్బల్లోనే మనిషి ఉన్నాడు. అన్నీ సరిచేసేస్తే ఆన్‌లైన్‌లో దొరికే లూప్ ప్యాక్‌కీ దీనికీ తేడా ఏముంది? పోనీ, వేగం పెరగడాన్నే డ్రాప్‌గా మార్చుకోండి. సింథ్ రైజర్ (డ్రాప్ ముందు పైకెక్కే శబ్దం) అక్కర్లేకుండా తప్పెట బృందమే మిమ్మల్ని పైకి తీసుకెళ్తుంది.

ఇప్పుడు అసలు ముడి, కాగితం. జానపద బాణీ తరాల నాటిది, అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా పాడుకోవచ్చు. కానీ మీరు రికార్డ్ చేసిన క్షణం ఆ రికార్డింగ్‌కి కాపీరైట్ పుడుతుంది. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. వాయించినవాళ్లకు ప్రదర్శకుల హక్కు విడిగా ఉంటుంది, అది 50 ఏళ్లు. 2012లో చట్టం సవరించినప్పుడు ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీ దక్కాలనీ, తన ప్రదర్శనకు తనే ప్రదర్శకుడని గుర్తింపు కోరే హక్కు ఉందనీ చేర్చారు. అంటే తప్పెట గురువుగారి దగ్గరకెళ్లి, ఫోన్లో తీసుకుని, టీ తాగించి, ఐదొందలు చేతిలో పెట్టి రావడం మర్యాద కాదన్న మాట అలా ఉంచండి, చట్టం ముందు కూడా నిలవదు.

కాబట్టి ఒక కాగితం రాసుకోండి, తెలుగులో, ఒక్క పేజీ. ఎవరు వాయించారు, ఎప్పుడు, ఎక్కడ. రోజు కూలి ఎంత ఇచ్చారు. ఆ ట్రాక్ మీద తర్వాత డబ్బొస్తే ఎంత వాటా, ఎన్నాళ్లకోసారి లెక్క చెప్తారు. వీడియోలవాళ్లకు ఉచితంగా ఇస్తున్నామన్న సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చదివి వినిపించండి. వాళ్లు వద్దంటే వద్దే. అమ్మవారికి సంబంధించిన దరువో, చావు దగ్గర వాయించే దరువో ఉంటుంది. అది పెళ్లి రిసెప్షన్ వీడియో కింద పడటం వాళ్లకు ఇష్టముండదు. ఆ మాట మీరు అడిగితేగానీ వాళ్లు చెప్పరు, మొహమాటం. అరకులో అయితే ఒక్క వాయిద్యగాణ్ణి అడిగితే చాలదు, ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడాల్సిందే. ట్రాక్ క్రెడిట్‌లో మీ స్టేజ్ పేరు పక్కనే ఆ బృందం పేరూ ఊరి పేరూ ఉండాలి. నేను వీడియో కింద క్రెడిట్ అతికించినప్పుడు అది దానంతటదే వచ్చేస్తుంది.

ఇంకో పెద్ద ప్రమాదం కంటెంట్ ఐడీ. మీ ట్రాక్‌ను స్ట్రీమింగ్ యాప్‌లలోకి పంపే డిస్ట్రిబ్యూటర్, అందులో నమోదు చేస్తాం, క్లెయిముల మీద కూడా డబ్బొస్తుంది అని ఆశ పెడతాడు. ఆ గడిలో టిక్కు పెట్టేముందు ఆలోచించండి. మొదటిది, మీరు ఉచితంగా ఇచ్చిన కుర్రాడి వీడియో మీదే మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది. మీ మాటకు విలువ అక్కడితో సరి. రెండోది, ట్రాక్‌లో ఎవరికైనా దొరికే లూప్ ఉంటే దాన్ని నమోదు చేయడానికే వీల్లేదు, మీ ఒక్కరికే చెందిన శబ్దం ఉంటేనే యూట్యూబ్ ఒప్పుకుంటుంది. మూడోది తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆ తప్పెట బృందం వాళ్లే తమ ఊరి జాతరలో వాయించి, అదే బిట్టు మీ ట్రాక్‌తో సహా తమ మనవడి చానల్లో పెట్టుకుంటే, వాళ్ల వాయింపు మీద వాళ్లకే క్లెయిమ్ వస్తుంది. నమోదు చేసి తీరాలనుకుంటే, వాడుకునేవాళ్ల చానళ్లను మినహాయించే పద్ధతి పెట్టుకోండి. అడిగిన రోజే క్లెయిమ్ తీసేసే మనిషి ఒకరుండాలి. మీలో ఎవరైనా ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులైతే, కొన్ని హక్కులు ఇప్పటికే ఆ సంస్థకు అప్పగించి ఉంటారు. ఊరికే ఇస్తామని ప్రకటించే ముందు వాళ్లతో మాట్లాడుకోండి.

డబ్బు సంగతి దాచను. స్ట్రీమింగ్‌లో ఒక్కో వినికిడికి వచ్చేది పైసల్లోనే. చాలా ట్రాకులు కరెంటు బిల్లుకు కూడా సరిపడా తేవు. ఉద్యోగం మానేసి దీనిమీద పడమని నేను చెప్పను. మీ అమ్మానాన్నలు నన్ను తిడతారు. కానీ వ్యాపార లైసెన్సుల దారి మన ఊళ్లో గట్టిదే అని నా అంచనా. హోటళ్లు, బట్టల షాపులు, ఆసుపత్రులు, బిల్డర్లు, కాలేజీలు, ప్రతివాళ్లూ వీడియోలు చేయిస్తున్నారు. వీళ్ల దగ్గర మ్యూజిక్‌కి బడ్జెట్ ఉండదు అంటారు. ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి నా ఫీజులో కలిపేస్తారు. మీ దగ్గర ధరల పట్టిక ఒకటి ఉంటే నేను బిల్లులో విడిగా ఒక గీత రాస్తాను. చిన్న చానల్‌కి ఉచితం, షాపుకి ఇంత, కార్పొరేట్ వీడియోకి ఇంత. రేటు వందల్లో మొదలైనా చాలు. ఆ డబ్బులో తప్పెట బృందం వాటా ముందు తీసి పక్కనపెట్టాకే మిగతాది పంచుకోండి.

మా ఎడిటర్లకు ఏం కావాలో కూడా విని పెట్టుకోండి. మీలో చాలామంది శ్రోత కోసం చేస్తారు, మేం మాటల కింద వేయడానికి వెతుకుతాం. గొంతు లేని వెర్షన్ తప్పనిసరి. మనిషి మాట్లాడే స్థాయిలో పదునైన లీడ్ సింథ్ పెడితే వ్లాగర్ ఏం చెబుతున్నాడో వినపడదు, అక్కడ చోటు వదలండి. డప్పు విడిగా, బేస్ విడిగా, సింథ్ విడిగా ఫైళ్లిస్తే మాటలొచ్చినప్పుడు ఒక్క డప్పే ఉంచుకుని మిగతావి దింపుకుంటాం. ముగింపు ఫేడ్ చేయకండి, ఒక దెబ్బతో ఆపండి. ఎక్కడ కావాలంటే అక్కడ కట్ చేసి ఆ దెబ్బ అతికించుకుంటాం. మాస్టరింగ్‌లో గోడలా మోతెక్కించొద్దు, యూట్యూబ్ ఎలాగూ సుమారు మైనస్ 14 లఫ్స్‌కి (శబ్దం మోతను కొలిచే లెక్క) దింపేస్తుంది. నష్టపోయేది డప్పు దెబ్బే.

టెంపో గురించి ఒక రహస్యం చెప్తా, ఇది ఏ ట్యుటోరియల్లోనూ నేను చూడలేదు. మేం సెకనుకు 25 ఫ్రేముల్లో ఎడిట్ చేసేటప్పుడు 125 బీపీఎం ట్రాక్ అయితే బీటుకు సరిగ్గా 12 ఫ్రేములు పడతాయి. కళ్లు మూసుకుని కట్ చేయొచ్చు. 128 అయితే బీటుకు 11.7 చిల్లర, ప్రతి కట్టూ కాస్త కాస్త జరుగుతూ పోతుంది. 30 ఫ్రేముల్లో చేసేవాళ్లకు 120 బీపీఎం బంగారం, బీటుకు 15. కాబట్టి ప్రతి ట్రాక్‌నూ ఈ రెండు టెంపోల్లోనూ ఇచ్చి, ఫైలు పేరులోనే టెంపో రాయండి. తప్పెట ముక్కల్ని అంత కొంచెం సాగదీస్తే శబ్దం చెడదు.

అనుమతి పత్రం కూడా తెలుగులోనే రాయండి, మన జాలరి కుర్రాడు చదివి అర్థం చేసుకునేలా. ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు, క్రెడిట్ ఎలా రాయాలి, డబ్బొచ్చే చానల్‌కి వర్తిస్తుందా లేదా. ఒక్క మాట మాత్రం అందులో తప్పకుండా ఉండాలి: రేపు మీ నిబంధనలు మారినా, లేబుల్ ఇంకొకరికి అమ్మేసినా, అప్పటికే పెట్టిన వీడియోలకు ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోం అని. మీలో ఎవరికో రేపు సినిమా ఛాన్స్ వస్తుంది, రావాలి కూడా. పెద్ద కంపెనీ వచ్చి పాత ట్రాకులన్నీ మాకివ్వు అంటుంది. ఆ రోజు మిమ్మల్ని నమ్మి వాడుకున్నవాళ్లు రోడ్డున పడకూడదు.

ఎవరు ముందు దిగాలన్నది మీరే తేల్చుకోండి. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వైపు కనీసం కొందరు మంచి పనివాళ్లున్నారని మీ ట్రాకులు వినే చెబుతున్నా. ఒంటరిగా చేసేకంటే నలుగురైదుగురు కలిస్తే మైకులు పంచుకోవచ్చు, పల్లెకు పోయే కారు ఖర్చు కలిసొస్తుంది. మొదటి విడతకు ఎక్కువ అక్కర్లేదు. తప్పెటతో ఒకటి, జముకుతో ఒకటి, థింసా వాయిద్యాలతో ఒకటి, సముద్రం ఒడ్డున బోటు ఇంజిన్ ‘టకటక’తో ఒకటి చేయండి. ఆ ఇంజిన్ చప్పుడుకు ఎవరి కాపీరైటూ లేదు, హార్బర్‌కెళ్లి తెచ్చుకోండి. ఆ నాలుగూ సిద్ధమైన వారమే నా చేతిలో ఉన్న టూరిజం వీడియోల్లో వేస్తాను, క్రెడిట్ పైన రాస్తాను, ఎవరైనా క్లయింటు వద్దంటే వాళ్లకు వినిపించి ఒప్పించే బాధ్యత నాది. తోటి ఎడిటర్లకు పంచే పని కూడా నాకే వదిలేయండి, మా వాట్సాప్ గ్రూపుల్లో పెళ్లి టెంప్లేట్లు ఎంత వేగంగా తిరుగుతాయో మీకు తెలీదు.

ఇట్లు,
ద్వారకా నగర్ నుంచి ఒక వీడియో ఎడిటర్,
విశాఖపట్నం